మందు పేరు ఒక్కటి తప్ప

ఒడిశాలోని రాయగడలోనో గుణుపురంలోనో సంత మధ్యలో ఒక పిల్లవాడు కళ్లు తేలేసి పడిపోతే క్షణాల్లో గుంపు చేరుతుంది. ఒకరు అరచేతిలో తాళాల గుత్తి పెడతారు. ఒకరు ఉల్లిపాయ చితక్కొట్టి ముక్కు దగ్గర పెడతారు. ఇంకొకరు పళ్ల మధ్య చెంచా దూర్చబోతారు. తెలుగువారు ఫిట్స్ అంటారు, ఒడియావారు మృగి అంటారు, తాళాల గుత్తి మాత్రం రెండు భాషలకూ ఉమ్మడి ఆస్తి. చాలా మూర్ఛలు రెండు మూడు నిమిషాల్లో వాటంతట అవే ఆగిపోతాయి, మంచి పేరు ఇనుముకు దక్కుతుంది. గుంపు చెదిరాక పిల్లవాడిని భుజాన వేసుకుని ఇంటిదారి పట్టే తల్లికి మాత్రం ఇది ఈ వారంలో నాలుగోసారి అని తెలుసు.

మూర్ఛ వచ్చినవారిలో ఎక్కువమందికి మందులతో ఆగిపోతుంది. గ్లాస్గోలో క్వాన్, బ్రాడీ అనే ఇద్దరు వైద్యులు 2000లో ప్రచురించిన అధ్యయనంలో 47 శాతం మందికి మొదటి మందుతోనే మూర్ఛలు ఆగాయి. మందు మార్చాక, రెండోదానితోనో మూడోదానితోనో ఆగినవారు ఇంకో 14 శాతం. మందు మార్చేకొద్దీ ఫలితం ఎంత నిటారుగా పడిపోతుందో ఈ రెండు అంకెలు చెబుతాయి. సరిగ్గా ఎంచిన మందులు రెండు, సరైన తీరులో వాడినా ఆగకపోతే దాన్ని మందులకు లొంగని మూర్ఛ అనాలని అంతర్జాతీయ మూర్ఛ నిపుణుల సంఘం ఐఎల్ఏఈ 2010లో నిర్వచించింది. సుమారుగా మూడోవంతు మంది ఈ కోవలోకి వస్తారు. ఆ ఇళ్లలో వైద్యం అంటే మూడు నెలలకొకసారి డాక్టరు ముందు గడిపే పది నిమిషాలు. తక్కిన రోజులూ రాత్రులూ తల్లిదండ్రులవే. అందుకే ఇలాంటి పిల్లలున్న కుటుంబాలు ఒకరికొకరు చేసుకునే సాయాన్ని జాలి కిందో ఓదార్పు కిందో లెక్కవేయడం పొరపాటు. అది వైద్యంలో ఒక భాగం. మందుకు మోతాదు ఉన్నట్టే ఈ సాయానికీ హద్దులున్నాయి.

ఒడిశా సరిహద్దు జిల్లాల్లో ఈ సాయం అవసరం మరీ ఎక్కువ. 1936లో ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడినప్పుడు సరిహద్దు గీత అటు పడి ఉంటే పర్లాకిమిడి, బరంపురం, జయపురం ప్రాంతాల్లోని తెలుగు కుటుంబాల కథ వేరుగా ఉండేదేమో. ఇప్పుడు వీరి పిల్లవాడికి ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, మందుల చీటీలో ఇంగ్లీషు. పెద్దాసుపత్రి అంటే ఒకవైపు బరంపురం ఎంకేసీజీ, కొరాపుట్ వైపువారికి 2017లో మొదలైన వైద్య కళాశాల, మరోవైపు విశాఖ కేజీహెచ్. రాయగడ నుంచి విశాఖకు రైలులో దాదాపు రెండు వందల కిలోమీటర్లు. భాష కలుస్తుందని విశాఖ వెళితే, ఆంధ్రా ఆరోగ్య పథకం ఆంధ్రా నివాసులకే. బరంపురం వెళితే సొంత రాష్ట్రమే కానీ, పిల్లవాడికి ఏమైందో వచ్చీరాని ఒడియాలో చెప్పుకోవాలి. ఏ ఆసుపత్రికి ఏ కాగితం తీసుకెళ్లాలో, ఏ వారం పిల్లల నరాల డాక్టరు ఉంటారో, మెదడు తరంగాలను నమోదు చేసే ఈఈజీ పరీక్ష తీయించాలంటే ముందురోజు రాత్రి పిల్లవాడిని ఎంతసేపు మేలుకొని ఉంచాలో చెప్పగలిగేది అంతకుముందు ఆ దారిన వెళ్లివచ్చిన మరో తల్లే.

అయితే దారి చెప్పడంకన్నా పెద్ద సాయం మరొకటుంది. మూర్ఛను వర్ణించడం నేర్పడం.

డాక్టరు "ఎలా వచ్చింది?" అని అడుగుతారు. "ఫిట్స్ వచ్చాయండి" అన్నది జవాబు కాదు. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు పాఠాలు చెప్పిన ఊరు పర్లాకిమిడి. ఆ ఊరివారికి ఈ విషయంలో మొహమాటం ఉండనక్కరలేదు, ఎందుకంటే డాక్టరుకు కావలసింది సరిగ్గా వాడుక మాటలే. కొట్టుకున్నాడా, కట్టెలా బిగుసుకుపోయాడా? తల ఒక్కసారిగా వాలిపోయిందా? ఆడుతూ ఆడుతూ చూపు నిలిచిపోయి, పిలిస్తే పలకకుండా, మళ్లీ ఏమీ ఎరగనట్టు ఆట కొనసాగించాడా? పెదవులు చప్పరించాడా? మూతి ఎటు లాగింది? ముందు కుడిచేయి కదిలి తరువాత ఒళ్లంతా కొట్టుకుంటే, మూర్ఛ మెదడు ఎడమ సగంలో మొదలవుతోందని అనుమానించవచ్చు. ఏ మందు వాడాలో, రేపు శస్త్రచికిత్స కుదురుతుందో లేదో తేల్చడానికి ఆ ఒక్క వాక్యం పనికొస్తుంది. భాష రాని చోట ఫోనులో తీసిన వీడియో మాట్లాడుతుంది. కానీ వీడియో తీయడం కూడా నేర్చుకోవలసిన పనే. పిల్లవాడిని పక్కకు తిప్పి పడుకోబెట్టి, దుప్పటి తొలగించి, ముఖమూ కాళ్లూ చేతులూ ఒకే చట్రంలో వచ్చేలా, మొదటి నుంచి చివరిదాకా తీయాలి. బిడ్డ కొట్టుకుంటుంటే ఫోను పట్టుకున్నదేమిటి అని అత్తగారు తిడతారు. ఆ తిట్టు పడి, వీడియో తీసి, దానివల్లే జబ్బు పేరు తేలిన తల్లి మరొక తల్లికి ధైర్యం చెబితే ఆ మాటకు బరువుంటుంది.

ఈ వర్ణన విలువ తెలియాలంటే 1841 దాకా వెనక్కి వెళ్లాలి. ఇంగ్లండులో విలియం జేమ్స్ వెస్ట్ అనే వైద్యుడు తన పసికొడుకు పదే పదే తల ముందుకు వంచి, మోకాళ్ల వైపు వాల్చి, మళ్లీ లేపడం గమనించాడు. జోకొట్టినట్టుండే ఆ కదలికలు గుంపులు గుంపులుగా వచ్చేవి. తనకు తెలిసిన వైద్యమంతా చేసి, ఫలితం లేక, లాన్సెట్ పత్రికకు ఉత్తరం రాసి తోటి వైద్యులను సాయమడిగాడు. సలాము చేస్తున్నట్టుండే ఆ మూర్ఛకు ఇప్పుడు వెస్ట్ సిండ్రోమ్ అని పేరు. ఆ ఉత్తరం రాసింది వైద్యుడే అయినా, అందులో ఉన్నది రోజూ బిడ్డను చూస్తున్న తండ్రి చూపు. ఆ కొడుకు బాగుపడలేదు. అదే జబ్బు పసివాడికి ఈరోజు వస్తే హార్మోను ఇంజెక్షన్లు, స్టెరాయిడ్లు, వైగాబాట్రిన్ అనే మందు ఉన్నాయి, ఎంత తొందరగా మొదలుపెడితే అంత మేలు. మన ఊళ్లలో మాత్రం నిద్రలేవగానే పసివాడు వరసగా ఉలిక్కిపడుతుంటే దడుపు అంటారు, కడుపునొప్పి అంటారు, బాలగ్రహం అంటారు, తాయెత్తు కడతారు. తాయెత్తు కట్టినా నష్టం లేదు, దాన్ని నమ్ముకుని రెండు నెలలు గడిపేయడమే నష్టం. ఆ ఉలికిపాటును ఒకసారి చూసిన తల్లి మళ్లీ ఎక్కడ చూసినా గుర్తుపడుతుంది. రైల్లో ఎదురు సీటులోని బిడ్డను చూసి "అమ్మా, ఇది దడుపు కాదేమో, వీడియో తీసి డాక్టరుకు చూపించండి" అని ఆమె అనగలిగితే, ఆ బిడ్డకు అంతకన్నా మేలు చేసేవారు ఆ బోగీలో ఇంకొకరు ఉండరు.

వీడియోకు తోడు నోటుబుక్కు. దానికి అందమైన గడులూ రంగులూ అక్కరలేదు. "మంగళవారం, తెల్లవారుజాము 4.40. నిద్రలో. ఎడమచేయి ముందు. ఒకటిన్నర నిమిషం. జ్వరం లేదు. నిన్న రాత్రి మందు వాంతి చేసుకున్నాడు. తరువాత గంట నిద్ర, ఎడమకాలు ఈడ్చాడు." ఇంత చాలు. ఇందులో చివరి వాక్యం చాలామంది రాయరు, డాక్టరు మొదట వెతికేది దాన్నే. ఒకటిన్నర నిమిషం అన్నది కూడా గడియారం చూసి రాసిందై ఉండాలి. బిడ్డ కొట్టుకుంటుంటే చూసేవారికి ఒక నిమిషం పది నిమిషాల్లా ఉంటుంది. అయిదు నిమిషాలు దాటితే అది అత్యవసరం. మూర్ఛను ఆపడానికి డాక్టరు ముందే రాసిచ్చిన మిడజోలం స్ప్రే ముక్కులో కొట్టి 108కి ఫోను చేయాలి. కొండదారిలో బండి రావడానికి ఎంతసేపు పడుతుందో తెలిసిన ఊళ్లలో ఆ స్ప్రే ఇంట్లో ఉండి తీరాలి, దాని గడువు తేదీ ఎవరో ఒకరు చూస్తుండాలి.

ఇప్పుడు అసలు చిక్కు, మందుల పేర్లు. ఆసుపత్రి బెంచీ మీద ఇద్దరు తల్లులు పక్కపక్కన కూర్చుంటే పావుగంటలో వచ్చే ప్రశ్న "మీవాడికి ఏ మందు?" అనే. ఫలానా మందుతో మావాడికి తగ్గిందని చెప్పడం సహజం, చెప్పేవారి మనసు మంచిదే. కానీ మూర్ఛ ఒక జబ్బు కాదు, ఒకే గుమ్మంలోంచి బయటికి వచ్చే పలు జబ్బులు. ఫ్రాన్స్ వైద్యురాలు షార్లెట్ డ్రావె 1978లో వర్ణించిన డ్రావె సిండ్రోమ్ దీనికి చక్కని ఉదాహరణ. ఏడాది నిండకముందే, తరచు జ్వరంతో, ఎంతకీ ఆగని మూర్ఛలు వస్తాయి. చాలామందికి బాగా పనిచేసే కార్బమజెపీన్, ఫెనిటాయిన్ వంటి మందులు ఈ పిల్లలకు మూర్ఛలను పెంచుతాయి. పక్కింటివాడిని బాగుచేసిన మాత్రే ఈ పిల్లవాడిని ఆసుపత్రి పాలు చేయగలదు. కాబట్టి తల్లిదండ్రులు అన్నీ చెప్పుకోవచ్చు, "ఈ మందు మొదలుపెట్టండి" అన్న ఒక్క మాట తప్ప. "పాత మందు ఆపేయండి" అన్నది అంతకన్నా చెడ్డ మాట. మూర్ఛ మందు హఠాత్తుగా ఆపితే ఆగకుండా మూర్ఛలు వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. మూలికల పొడి అని అమ్మేదాన్ని నమ్మి ఇంగ్లీషు మందు మానేసేవారు ఇంకో సంగతి తెలుసుకోవాలి. అలాంటి పొడుల్లో ఫినోబార్బిటోన్ అనే ఇంగ్లీషు మందునే రహస్యంగా కలిపి అమ్మిన ఘటనలు మన దేశంలో బయటపడ్డాయి.

అయినా మందుల గురించి నోరెత్తకూడదనడం కూడా తప్పే. ఇద్దరు పిల్లలూ అప్పటికే ఒకే మందు వాడుతున్నప్పుడు, దాని గుణం గురించి ఒకరికొకరు చెప్పుకోవడం ఎంతో మేలు. లెవెటిరాసెటామ్ అనే మూర్ఛ మందు మొదలుపెట్టాక కొందరు పిల్లలు కొరకడం, కొట్టడం, చీటికిమాటికి కోపగించుకోవడం మొదలుపెడతారు. ఇంట్లో అందరూ గారాబం ఎక్కువైందని తల్లినే అంటారు, ఆమె పిల్లవాడిని కొడుతుంది. "అక్కా, వాడి తప్పు కాదేమో, మావాడికీ ఆ సిరప్‌తోనే అలా అయింది, డాక్టరుకు చెప్పు" అన్న మాట ఆ ఇంట్లో దెబ్బలు ఆపుతుంది. టోపిరమేట్ వాడే పిల్లలకు చెమట తక్కువ పట్టవచ్చు, రాయగడ ఎండల్లో ఇది చిన్న విషయం కాదు. నెమ్మదిగా కరిగేలా తయారుచేసిన మాత్రను పొడిచేసి తేనెలో కలిపిస్తే, రోజంతా కొంచెం కొంచెంగా అందవలసిన మందు ఒక్కసారిగా ఒంట్లోకి దిగుతుంది. ఇది దుకాణంలో ఎవరూ చెప్పరు. సిరప్‌ను వంటింటి చెంచాతో కాక సిరంజితో కొలవాలనీ, సీసా మారితే మిల్లీలీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో మళ్లీ చూసుకోవాలనీ కూడా ఒక తల్లి దగ్గరే ఇంకో తల్లి నేర్చుకుంటుంది. పండుగ సెలవుల్లో పట్నం నుంచి రావలసిన మందు రాక, సీసా అడుగంటినప్పుడు అదే మందు, అదే బలం ఉన్నది ఇంకొక ఇంటి నుంచి, డాక్టరుకు ఫోనులో చెప్పి, రెండు రోజులకు అప్పు తెచ్చుకోవడం వేరు. కొత్త మందు సలహా ఇవ్వడం వేరు. అప్పుకూ సలహాకూ తేడా తెలిసిన కుటుంబాల మధ్య స్నేహం ఎక్కువకాలం నిలుస్తుంది.

మందులు ఓడినచోట కొందరు పిల్లలకు కొవ్వు ఎక్కువగా, పిండిపదార్థం అతి తక్కువగా ఉండే కీటోజెనిక్ ఆహారం పెడతారు. 1921 నుంచీ ఉన్న పద్ధతి ఇది. లండన్ వైద్యులు 2008లో ప్రచురించిన పరీక్షలో మూడు నెలలకు మూర్ఛలు సగానికి పైగా తగ్గినవారు, ఈ ఆహారం తీసుకున్న పిల్లల్లో 38 శాతం, తీసుకోనివారిలో 6 శాతం. కాస్త సడలించిన రకంలో కూడా రోజుకు పిండిపదార్థం పది నుంచి ఇరవై గ్రాములే. ఒక కప్పు అన్నంలోనే నలభై గ్రాములకు పైగా ఉంటుంది. అన్నమే భోజనం, చద్దన్నమే పొద్దుటి ఆహారం, రాగి అంబలే వేసవి చలువ అయిన ఇళ్లలో ఇది ఎంత కష్టమో అంకెలు చెప్పవు. ఇంగ్లీషులో అచ్చువేసిన ఆహార పట్టిక కన్నా, ఆ పని ఆరు నెలలు చేసిన తల్లి వంటింట్లో గడిపిన ఒక పూట మేలు. కొబ్బరి, గుడ్డు, పన్నీరు, నువ్వులు, నెయ్యి ఎలా తూచాలో, గుడ్డుతో దోశ లాంటిది ఎలా పోయాలో అక్కడ తెలుస్తుంది. సిరప్ మందుల్లోని చక్కెర కూడా లెక్కలోకి వస్తుందని తెలిసేదీ అక్కడే. తాతమ్మ కొంగు చాటున పెట్టిన ఒక్క లడ్డూ వారాల శ్రమను పోగొట్టగలదు, ఆ తాతమ్మకు ఎలా చెప్పాలన్నది కూడా వంట లాంటి విద్యే. అయితే ఎవరింట్లో చూసి వారు సొంతంగా మొదలుపెట్టే ఆహారం కాదిది. కొవ్వును వాడుకోలేని కొన్ని పుట్టు జబ్బులున్న పిల్లలకు ప్రాణాంతకం. రక్తపరీక్షలు చేసి, వైద్యుల పర్యవేక్షణలోనే మొదలుపెట్టాలి.

శస్త్రచికిత్స మాట ఈ జిల్లాల్లో చాలామంది చెవిన పడనే పడదు. తలకు ఆపరేషన్ అనగానే వెనక్కి తగ్గుతారు. ఢిల్లీ ఎయిమ్స్‌లో 116 మంది పిల్లల మీద జరిపి 2017లో ప్రచురించిన పరీక్షలో, ఆపరేషన్ అయినవారిలో ఏడాదికి 77 శాతం మందికి మూర్ఛలు లేవు, మందుల మీదే ఉన్నవారిలో 7 శాతం మందికే లేవు. అందరు పిల్లలకూ ఆపరేషన్ కుదరదు, అయినా కుదురుతుందో లేదో తేల్చే పరీక్షలకైనా వెళ్లనివారే ఎక్కువ. తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థలో, బెంగళూరు నిమ్హాన్స్‌లో, హైదరాబాదు నిమ్స్‌లో ఆ సదుపాయముంది. వీడియో తీస్తూనే ఈఈజీ నమోదు చేసే పరీక్ష కోసం రోజుల తరబడి ఉండాలి, అప్పుడు మూర్ఛ వచ్చి అందులో నమోదు కావడానికి మందులు కావాలనే తగ్గిస్తారు. ముందే చెప్పి ఉంచకపోతే, మందు తగ్గించారని డాక్టరుతో గొడవపడి పిల్లవాడిని తీసుకుని వచ్చేసే తండ్రులుంటారు. అక్కడికి వెళ్లివచ్చిన కుటుంబం ఈ ఒక్క ముక్క చెప్పి పంపితే ఒక ప్రయాణం వృథా కాకుండా ఉంటుంది.

భార్యాభర్తల మధ్య సంగతి మరీ సున్నితం. కుటుంబంలో ఒకరు ఇంకో డాక్టరు, ఇంకో పట్నం అంటూ పరుగెడతారు, ఒకరు ఇక చాలు అని కూలబడతారు. ఇద్దరికీ ఎదుటివారిది తప్పుగా కనిపిస్తుంది. తండ్రి సూరత్ మగ్గాల మీద పనికి వెళ్లిన ఇంట్లో ఈ తగాదా రాత్రిపూట ఫోనులో నడుస్తుంది. "మీ వైపు ఎవరికైనా ఉందా?" అన్న ప్రశ్న ఒకరోజు తప్పక వస్తుంది. డ్రావె సిండ్రోమ్ లాంటి జన్యులోపాలు చాలామంది పిల్లల్లో కొత్తగా పుట్టినవే, తల్లి నుంచీ కాదు, తండ్రి నుంచీ కాదు. ఈ మాట డాక్టరు నోట రావడం మంచిదే, కానీ అదే ప్రశ్నను ఎదుర్కొని నిలిచిన మరో దంపతుల నోట వస్తే ఇంకా బాగా లోపలికి దిగుతుంది. తండ్రులకు ఈ సాయం మరీ తక్కువ. తల్లులు బెంచీ మీద మాట్లాడుకుంటారు, తండ్రులు బయట టీ కొట్టు దగ్గర నిలబడి అంబులెన్సు ఖర్చూ గది అద్దే మాట్లాడుకుంటారు. అదైనా మేలే. మూర్ఛ ఉన్న పిల్లల తల్లుల్లో దాదాపు సగం మంది దాకా కుంగుబాటుకు లోనయ్యే ప్రమాదముందని 2009లో వెలువడిన ఒక సమీక్ష చెప్పింది. తండ్రుల గురించి అడిగేవారే తక్కువ.

రాయగడ అమ్మవారు మజ్జిగౌరమ్మకు మొక్కుకోవద్దని ఎవరూ ఎవరికీ చెప్పనక్కరలేదు. మొక్కూ మాత్రా ఒకదానికొకటి అడ్డు రావు. ఆడపిల్లల తల్లులు పెళ్లి భయంతో జబ్బును దాచడం మాత్రం వేరే సంగతి. పదేపదే మూర్ఛ వచ్చేవారి పెళ్లికి అడ్డుపడే మాట ఒకటి హిందూ వివాహ చట్టంలోనే ఉండేది, 1999లో దాన్ని తీసేశారు. చట్టం మారి పాతికేళ్లు దాటింది, పెళ్లిచూపుల్లో ఇంకా మారలేదు. దాచిన ఇంట్లో బడి టీచరుకు కూడా చెప్పరు. అక్కడ మూర్ఛ వస్తే మళ్లీ తాళాల గుత్తే.

అన్నిటికన్నా కష్టమైన మాట ఒకటుంది. మూర్ఛ ఉన్న పిల్లల్లో ఏడాదికి 4,500 మందిలో ఒకరు హఠాత్తుగా, ఎక్కువగా నిద్రలో, చనిపోతారని అమెరికా నరాల వైద్యుల సంస్థ 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. నిద్రలో ఒళ్లంతా కొట్టుకునే మూర్ఛలు ఆగని వారికి ప్రమాదం ఎక్కువ, రాత్రిపూట ఎవరైనా కనిపెట్టుకుని ఉంటే తగ్గుతుంది. ఈ మాటను ఆసుపత్రి బెంచీ మీద కొత్త తల్లికి చెప్పడం క్రూరత్వం. అది డాక్టరు చెప్పవలసిన మాట. పాత తల్లి చేయగలిగింది "రాత్రిళ్లు ఎవరు చూస్తారని డాక్టరు అడిగారా?" అని అడగడం వరకే.

ఆ రాత్రుల గురించే చివరికి అంతా. ఏళ్ల తరబడి నిద్రలేని మనిషికి కావలసింది ఓదార్పు కాదు, ఒక రాత్రి నిద్ర. బంధువులు పిల్లవాడిని ఉంచుకోవడానికి జంకుతారు, వారిని అని లాభం లేదు. అదే జబ్బు ఉన్న మరో ఇల్లు జంకదు. పర్లాకిమిడి వంటి ఊళ్లో అలాంటి రెండు ఇళ్లు నెలకొకసారి పిల్లలను మార్చుకుంటే మొదట అవసరమయ్యేది ఒక కాగితం. పిల్లవాడి బరువు, రాత్రి ఎనిమిదికి ఏ మందు ఎన్ని మిల్లీలీటర్లు, స్ప్రే ఎక్కడుంది, ఎన్ని నిమిషాలకు వాడాలి, డాక్టరు నంబరు, ఏ ఆసుపత్రికి తీసుకెళ్లాలి, నిద్రలో పెదవులు చప్పరిస్తే గడియారం చూడాలి, మూర్ఛ ఆగాక నీళ్లు వెంటనే పట్టకూడదు, పూర్తిగా తెలివి వచ్చి గుటక వేయగలిగాకే. ఇదంతా తెలుగులో, పెద్ద అక్షరాలతో. మొదటి రాత్రి ఆ తల్లి ఎలాగూ నిద్రపోదు. పదింటికొకసారి, పన్నెండింటికొకసారి, రెండింటికొకసారి ఫోను చేస్తుంది. రెండో నెలలో పన్నెండింటికి ఒక్కసారే చేస్తుంది.